సూదిలోకి దారం ఎక్కని క్రిస్మస్

తెనాలిలో ఆ ఆసుపత్రి ఒక బట్టలకొట్టు మీద ఉంది. మెట్లెక్కుతుంటే ఫినాయిలు వాసనకంటే ముందు గంజి పెట్టిన కొత్త బట్ట వాసన తగిలింది. మధ్యలో ఆగిపోయాను. మోకాళ్ళ నొప్పులకి ఆగాననుకుని వెనకాల వస్తున్న కుర్రాడు "మెల్లగా రండి మామ్మగారూ" అని చెయ్యి అందించాడు. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నేను ఆగింది ఆ వాసనకి.

పైన పిన్ని నాకోసం ఎదురుచూస్తోంది. పిన్ని అంటే మా నాన్న తమ్ముడి భార్య. వాళ్ళబ్బాయి, నాకు తమ్ముడి వరస, రేపల్లెలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. తాగుడు మానాలని వాడంతట వాడే ఒప్పుకుని ఇక్కడ చేరాడు. "నువ్వొకసారి రావే అమ్మాయ్. డాక్టరమ్మ ఏవేవో అడుగుతోంది, నాకు చెప్పడం చేతకావట్లేదు" అని పిన్ని ఫోన్ చేస్తే బాపట్లలో రైలెక్కి వచ్చాను.

డాక్టరమ్మ నా దగ్గర చదువుకున్న పిల్లల కంటే చిన్నది. ఎదురుగా కూర్చోబెట్టి నిదానంగా అడిగింది.

"ఇంట్లో ఇంకెవరికైనా ఈ అలవాటు ఉండేదాండి?"

"వాళ్ళ నాన్నకుండేదమ్మా" అంది పిన్ని. "ఆయన నాన్నకీ ఉండేదంట. నేను కాపరానికి వచ్చేసరికే ఆ మామగారు లేడు."

"వాళ్ళ నాన్నగారు ఎప్పుడైనా మానేశారాండి? మానినప్పుడు ఏమైంది?"

పిన్ని నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"మానాడమ్మా. మానితే ఆయన్ని కన్నతల్లే కూర్చుని మళ్ళీ పోసింది. నా కళ్ళతో చూశాను."

పిన్ని జుట్టంతా నెరిసిపోయింది గాని ఆ మాటలో వేడి మాత్రం చల్లారలేదు. ఆ కన్నతల్లి మా నాన్నమ్మ. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయింది. ఆమె పోసిన రోజు ఆ గదిలో నేనూ ఉన్నాను. చూసిందంతా నాకు గుర్తుంది. అర్థమైంది మాత్రం సగమే, అదీ సరైన సగమో కాదో తెలియదు.

మా ఊరు భట్టిప్రోలు దాటి రేపల్లె పోయే దారిలో, కాలువ గట్టు పక్కన. మా నాన్న క్రైస్తవ మిషను వాళ్ళ బళ్ళో మాస్టారు. మా బాబాయి టైలరు. మా ఇంటి అరుగు మీదే ఆయన కుట్టుమిషను ఉండేది. మా పేటలో అందరికీ ఏడాదికి ఒక్కసారి, క్రిస్మస్‌కే కొత్త బట్టలు. అవన్నీ ఆ అరుగు మీదే పుట్టాలి. నవంబరు చివర కోతలు మొదలై చేతిలో డబ్బులాడగానే తానుల ముక్కలు పట్టుకుని జనం వచ్చేవాళ్ళు. "నా పిల్లది ముందు కుట్టయ్యా" అంటే "నా పిల్లాడిది ముందు" అని అరుగు ముందు పోట్లాట. బాబాయి మాత్రం మెడలో టేపు వేసుకుని, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని, ఎవరికీ జవాబు చెప్పకుండా తల ఊపుతూ ఉండేవాడు. సూదులు నోట్లో ఉంటే మాట్లాడక్కర్లేదు, అదొక సౌకర్యం.

ఆ నెలంతా మా ఇల్లు ఎలా ఉండేదో చెప్పమంటే ముందు వాసనలే చెప్పాలి. గంజి బట్ట, మిషను నూనె, ఇస్త్రీపెట్టెలో బొగ్గులు, పొలాల మీద నుంచి కొత్త గడ్డి. లోపల నాన్నమ్మ గులాబీ పువ్వులు వండే నూనె వాసన. ఇనప అచ్చుని పిండిలో ముంచి, కాగిన నూనెలో పెట్టి, చిన్నగా విదిలిస్తే పువ్వు విడిపోయి తేలుతుంది. మొదటి పువ్వు ఎప్పుడూ అచ్చుకి అతుక్కుని చెడిపోయేది. ఆ చెడిపోయిన పువ్వు కోసం నేను ఆమె వెనకాలే కూర్చునేదాన్ని. ఒక్కోసారి వెనకనుంచి మోచెయ్యి తగిలించి రెండోదాన్ని కూడా చెడగొట్టేదాన్ని. నాన్నమ్మకి తెలుసు. "నీ పెళ్ళికి చెడిపోయిన పువ్వులే పెడతానే" అనేది.

ఆ అరుగు కిందే మా ఆటలు. పేట పిల్లలందర్నీ కూర్చోబెట్టి గుడి ఆట ఆడించేదాన్ని. గొంతు పెద్దది కాబట్టి పాదిరిగారు ఎప్పుడూ నేనే. మందారపువ్వులు నీళ్ళలో పిసికితే ద్రాక్షరసం, అప్పడం ముక్క రొట్టె. అందరికీ సంస్కారం, అంటే ఆ రొట్టే రసమూ, ఇచ్చాక, ఆరాధన అయిపోయిందని చెప్పి, అదే గిన్నెలో మిగిలిన మందార నీళ్ళు తాగి, బాబాయిలా తూలుతూ నడిచే ఆట మొదలుపెట్టేవాళ్ళం. ఎవరు బాగా తూలితే వాళ్ళు గెలిచినట్టు. ఒకసారి నాన్నమ్మ చూసి చీపురు తీసుకుని వెంటపడింది. ఏ ఆటకి కొడుతోందో నాకు తెలియలేదు. గుడి ఆటకా, తూలే ఆటకా అని అడిగితే ఇంకొకటి వేసింది.

బాబాయి తాగేవాడని నాకెప్పుడు తెలిసిందో చెప్పలేను. కాలువ ఉందని ఎప్పుడు తెలిసింది అంటే ఏం చెప్తాం. పొద్దున్నే లేచి మిషను దగ్గర కూర్చునేవాడు. దారం కొస నాలుక మీద తడిపి, వేళ్ళతో మెలిపెట్టి, సూది దగ్గరికి తీసుకెళ్ళేవాడు. దారం అటు పోయేది, ఇటు పోయేది, బెజ్జంలోకి మాత్రం పోయేది కాదు. కాసేపు చూసి "అమ్మాయ్, ఇలా వచ్చి ఎక్కించిపెట్టవే" అని పిలిచేవాడు. తర్వాత గడ్డివాము వెనక్కి వెళ్ళి, మీసం తుడుచుకుంటూ వచ్చేవాడు. ఇక అప్పట్నుంచి దారం తెగితే తనే ఎక్కించుకునేవాడు, సూది వంక సరిగా చూడకుండానే. అంతటి చెయ్యి ఆయనది.

అది చూసి నేనొక నిర్ణయానికి వచ్చాను. ఆ వాము వెనక సీసాలో ఉన్నది వణుకు తగ్గించే పదార్థం. దగ్గొస్తే మిరియాల పాలు తాగినట్టే ఇదీను. ఆ సంగతి నాన్నకి చెప్పాను, ఇంత చిన్న విషయానికి ఇంట్లో రోజూ గొడవెందుకని. నాన్న నవ్వబోయి ఆపేసుకుని, "ఆ వణుకు తెచ్చిందే అది" అన్నాడు. తెచ్చిందే తగ్గించడమేంటో నాకు బోధపడలేదు. బళ్ళో నాన్న చెప్పే లెక్కలే దీనికంటే నయమనిపించింది.

ఇంకో సంగతి కూడా నన్ను తికమక పెట్టేది. తాగినప్పుడు బాబాయి మంచివాడు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని క్రైస్తవ గీతాలు పాడేవాడు, చరణాలు కూడా తప్పకుండా. తాగకుండా ఉన్న పొద్దుటిపూటే విసుక్కునేవాడు, కుర్చీ తన్నేవాడు. అందుకని అందరూ ఆయన తాగకూడదని ప్రార్థన చేస్తుంటే నేను కళ్ళు మూసుకుని కూడా ఏం కోరుకోవాలో తేల్చుకోలేకపోయేదాన్ని.

ఎందుకు తాగుతాడన్నది మా ఇంట్లో తెగని చర్చ. సాయంత్రం బియ్యం ఏరుతూ అమ్మ, "ఆ బ్యాండుమేళం వాళ్ళ సావాసం" అనేది. నాన్న, "చదువు మధ్యలో మాన్పించి మిషను ముందు కూర్చోబెట్టారు, ఆ కడుపుమంట" అనేవాడు. పాదిరిగారిని మేం అయ్యగారనేవాళ్ళం. ఆయన, "సాతాను పనమ్మా, ఇంకేం లేదు" అనేవారు. పక్కింటావిడ, దిష్టి అంది. నాన్నమ్మ మాత్రం "వాళ్ళ నాన్న పోలిక" అని ఊరుకునేది. ఆ పోలిక ముక్కులో ఉంటుందా, నడకలో ఉంటుందా అని నేను గోడ మీద తాతయ్య ఫొటో చూసేదాన్ని. తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. ఫొటోలో చేతులు మోకాళ్ళ మీద గట్టిగా పెట్టుకుని కూర్చున్నాడు.

ఒకరోజు గౌనుకి కొలత తీసుకుంటుంటే బాబాయినే అడిగేశాను. "ఎందుకు తాగుతావు బాబాయ్?"

ఆయన కోప్పడలేదు. టేపు నా భుజం మీద అలాగే ఉంచి ఆలోచించాడు.

"మొదట్లో పొద్దుపోయేదాకా కుట్టడానికి తాగానమ్మా. తర్వాత నిద్రపట్టడానికి. ఇప్పుడు పొద్దున లేవడానికి. మధ్యలో ఎక్కడో మానేద్దామనుకున్నా, ఎక్కడో గుర్తులేదు" అని, "చెయ్యెత్తు" అన్నాడు.

పిన్ని వెళ్ళిపోయింది నేను చెప్పబోయే క్రిస్మస్‌కి ముందు వానాకాలంలో. తాగి అరుగు మీద పడి నిద్రపోయాడు బాబాయి. ఇస్త్రీపెట్టె మూత తీసి ఉంది. గాలికి నిప్పురవ్వ లేచి పక్కనే కట్టిన ఉయ్యాల బట్టకి అంటుకుంది. ఉయ్యాల్లో బాబు, ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్న తమ్ముడే. అమ్మ చూసి బిడ్డని లాగేసింది కాబట్టి సరిపోయింది, బట్ట అంచు కాలిందంతే. పిన్ని అరవలేదు, ఏడవలేదు. మర్నాడు పెట్టె సర్దుకుని, బిడ్డని చంకనేసుకుని, బాపట్ల అవతల ఉన్న పుట్టింటికి బయల్దేరింది. గుమ్మంలో నిలబడి నాన్నమ్మతో ఒక్కటే అంది. "మానేశాడని కబురు చెయ్యండి అత్తయ్యా, ఆ రోజే వస్తాను. లేకపోతే నన్ను పిలవొద్దు." నాన్నమ్మ తల ఊపింది. అత్తాకోడళ్ళు మంచిగా ఉండేవాళ్ళు. పిన్నికి తలదువ్వేది నాన్నమ్మే.

అప్పట్నుంచి బాబాయి బాబు కోసం చొక్కాలు కుట్టడం మొదలుపెట్టాడు. మిగిలిన ముక్కల్తో చిన్న చిన్న చొక్కాలు. కుట్టి మిషను సొరుగులో పెట్టేవాడు. ఆ సొరుగులో అంతకుముందు రాత్రిపూటకి ఇంకో సారా సీసా ఉండేది.

క్రిస్మస్ నెల మొదట్లో, సంస్కారం ఇచ్చే ఆదివారం వస్తోందనగా, ఆయనే అయ్యగారి దగ్గరికి వెళ్ళి మానేస్తానని మాటిచ్చి వచ్చాడు. శుక్రవారం వాము వెనక సీసా కాలువలో పారేశాడు. మేమంతా గట్టు మీద నిలబడి చూశాం. సీసా మునిగి, మళ్ళీ తేలి, రేపల్లె వైపు పోయింది. అమ్మ ఏడ్చింది. నాన్న తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. నాన్నమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

శనివారం ఆయన అన్నం ముట్టలేదు. అంత చలిలోనూ చొక్కా చెమటకి తడిసింది. నేను పొద్దున్న దారం ఎక్కించి ఇచ్చాను గాని బట్ట సూది కింద నిలవలేదు, కుట్టు పాములా పోయింది. మిషను మూసేశాడు. అరుగు మీద సగం కుట్టిన గౌన్లు గుట్టగా పడి ఉన్నాయి, అందులో నాది కూడా. ఒక చెయ్యి ఉంది, రెండోది లేదు.

ఆదివారం గుడికి అందరం వెళ్ళాం. మాది లూథరన్ గుడి. లేవమంటే లేవడం, కూర్చోమంటే కూర్చోవడం, పాటల పుస్తకం చూసి పాడటం. కేకలూ వణుకులూ మాకు తెలియవు. అవన్నీ కాలువ అవతల పెంతెకొస్తు వాళ్ళ పద్ధతులని మా పెద్దలు కాస్త చిన్నచూపుగా కూడా మాట్లాడుకునేవాళ్ళు. అలాంటి గుడిలో బాబాయి వెళ్ళి బలిపీఠం ముందు మోకరించాడు. మోకరించగానే వణుకు మొదలైంది. చేతులు, భుజాలు, గడ్డం. అయ్యగారు గిన్నె నోటికి అందిస్తే పళ్ళు దాని అంచుకి కొట్టుకుని టకటకమని చప్పుడు. వెనక బెంచీ దాకా వినబడింది. ద్రాక్షరసం ఒలికి బలిపీఠం మీద పరిచిన తెల్లబట్ట మీద పడింది.

ముందు వరసలో ఒక పెద్దాయన "దేవుడు కదిలించాడయ్యా" అన్నాడు. అంతే. ఆడవాళ్ళు పవిటకొంగులు కళ్ళకి పెట్టుకున్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. అయ్యగారు బాబాయి తలమీద చెయ్యి పెట్టారు, ఆయన కళ్ళు కూడా తడిశాయి. ఇంత పశ్చాత్తాపం మన గుడిలో ఎన్నడూ చూడలేదని, తెల్లబట్ట మీద ఆ మరక ఉతకొద్దని అనుకున్నారు. నాన్న కానుకల సంచిలో కృతజ్ఞతార్పణ వేశాడు. నాకు ఆ వణుకు తెలుసు. రోజూ పొద్దున సూది దగ్గర చూసేదే. అది దేవుడి వణుకు ఎప్పుడైందో తెలియక పక్కనున్న నాన్నమ్మ చెయ్యి లాగాను. "నాన్నమ్మా, సీసా లేకపోతే వచ్చే వణుకు కదా ఇది?" నాన్నమ్మ పాట పాడటం లేదు. ఆమె మొహం చూసి చెయ్యి వదిలేశాను.

మధ్యాహ్నం బస్సుకే నాన్న ఒక మనిషిని బాపట్ల పంపాడు, పిన్నిని తీసుకురమ్మని.

సోమవారం పొద్దున బాబాయి మంచం మీద కూర్చుని పక్కంతా తడుముతున్నాడు. నన్ను చూసి, "అమ్మాయ్, ఈ గుండుసూదులు ఏరవే. బాబుని పడుకోబెట్టాలి, వాడికి గుచ్చుకుంటాయి" అన్నాడు. పక్క మీద ఒక్క సూది కూడా లేదు. బాబు బాపట్లలో ఉన్నాడు. ఏం చెయ్యాలో తెలియక సూదుల డబ్బా తెచ్చుకుని, దుప్పటి మీద లేని సూదుల్ని ఏరి డబ్బాలో వెయ్యడం మొదలుపెట్టాను. "అదిగో అక్కడ, అక్కడ" అని చూపించాడు. చూపించిన చోటల్లా ఏరాను. ఆ ఒక్క ఉదయం ఆయన చెప్పింది చెప్పినట్టు విన్నది నేనేనేమో. తర్వాత గోడ మీద దారపు కండెలు పరిగెడుతున్నాయని భయపడ్డాడు. ఆ తర్వాత ఒక్కసారిగా కళ్ళు పైకి తిరిగాయి, ఒళ్ళంతా కొయ్యబారి కొట్టుకుంది.

నాన్న రైసుమిల్లు వాళ్ళ కారు అడగడానికి పరిగెత్తాడు. అమ్మ అయ్యగారి కోసం పంపింది. నాన్నమ్మ కొడుకు నోరు తుడిచి, ఒత్తిగిల పడుకోబెట్టి, లేచింది. నిన్న గుడికి కట్టిన తెల్లచీర ఇంకా మార్చలేదు. ఆ చీరతోనే కాలువ వంతెన దాటి వెళ్ళింది. వంతెన అవతల సారా కొట్టు. రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు చేతులాపి చూశారు. మా సంఘంలో స్త్రీల కూటానికి పెద్ద ఆమె. తాగుబోతుల ఇళ్ళకి వెళ్ళి ప్రార్థన చేసే మనిషి. పట్టపగలు ఆ కొట్టు ముందు నిలబడి, కొని, కొంగు కింద పెట్టుకుని అదే దారిన తిరిగొచ్చింది. కొంగు కింద దాచాల్సింది ఏం మిగిలిందో గాని, దాచుకునే వచ్చింది.

అప్పటికి బాబాయికి కాస్త తెలివొచ్చింది. కళ్ళు తెరిచి అమ్మా అన్నాడు. మళ్ళీ వణుకు మొదలవుతోంది. నాన్నమ్మ అటక మీంచి ఉగ్గుగిన్నె తీసింది. ఆయన చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆముదం పట్టిన గిన్నె. అందులో సారా పోసి, మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి, కొంచెం కొంచెంగా పెదాల మధ్య వదుల్తోంది. ఆమె పెదాలు కూడా ఆయనతోపాటు తెరుచుకుని మూసుకుంటున్నాయి, పిల్లలకి పట్టేటప్పుడు తల్లులకి అలవాటే అది. గదంతా ఘాటు వాసన.

గుమ్మంలో వెలుగు తగ్గితే తల తిప్పి చూశాను. పిన్ని. చంకలో బాబు, చేతిలో పెట్టె. తలలో పూలు కూడా పెట్టుకుంది. "దేవుడు కదిలించాడంట" అన్న కబురు విని, పొద్దున్నే బాపట్లలో మొదటి బస్సు పట్టుకుని వచ్చింది.

నాన్నమ్మ తలెత్తి చూసింది, చేతిలో గిన్నె మాత్రం ఆగలేదు. ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పిన్ని ఎంతసేపు నిలబడిందో నాకు తెలియదు గాని, వెనక్కి తిరిగినప్పుడు బాబు ఆమె భుజం మీంచి నన్ను చూసి నవ్వాడు. అమ్మ గట్టు వెంట పరిగెత్తింది. పిన్నికి బస్సు అందలేదని, నడిచే వెళ్ళిపోయిందని రొప్పుతూ వచ్చి చెప్పింది.

అయ్యగారు వచ్చేసరికి గిన్నె ఖాళీ. వాసన చూసి ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఏంటమ్మా ఇది. దేవుడు విడిపించినవాడికి నువ్వే పోస్తావా?"

నాన్నమ్మ గిన్నె కింద పెట్టింది. "అయ్యగారూ, వీళ్ళ నాన్న కూడా ఇలాగే మానేశాడండి. ఇలాగే వణికాడు. వారం తిరక్కుండానే పోయాడు. విడుదల పొంది పోయాడన్నారు అందరూ. నేను కూడా పాట పాడాను. ఇది తప్పో ఒప్పో నాకు తెలీదండి. వీడు బతికుంటే చాలు, నరకానికి నేను పోతాలెండి."

అయ్యగారు చెప్పులు విడిచి లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చుని, కారు వచ్చేదాకా బాబాయి కాళ్ళు పట్టుకున్నారు.

తెనాలి ఆసుపత్రికి నన్ను కూడా తీసుకెళ్ళారు, ఇంట్లో ఎవరూ లేరని. అక్కడ పెద్ద డాక్టరు ముందు నాన్నని తిట్టాడు. "ఇన్నేళ్ళు తాగినవాణ్ణి ఒక్కసారిగా ఎవరు మాన్పించమన్నారండి?" తర్వాత వాసన పసిగట్టి నాన్నమ్మని తిట్టాడు. "ఇది ఎవరు పోయమన్నారు?" మానిపించినందుకు తిట్టాడు, పోసినందుకూ తిట్టాడు. వసారాలో బల్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తూ, ఈ రెండింటిలో ఏదో ఒకటే తప్పయ్యుండాలని చాలాసేపు ఆలోచించాను.

బాబాయి బతికాడు. ఆ క్రిస్మస్‌కి మా పేట పిల్లలం పాత బట్టల్తో కొందరం, సగం కుట్టిన కొత్త బట్టల్తో కొందరం గుడికి వెళ్ళాం. నా గౌనుకి రెండో చెయ్యి అమ్మ పిన్నీసులతో పెట్టింది. గులాబీ పువ్వులు ఆ ఏడు చెడగొట్టాలని కూడా అనిపించలేదు. సంఘ పెద్దలు కూర్చుని, సారా కొట్టుకి వెళ్ళినందుకు నాన్నమ్మకి ఒక ఏడాది సంస్కారం ఇవ్వకూడదని తీర్మానించారు. అయ్యగారు వద్దన్నారట, వాళ్ళు వినలేదు. ఆమె గుడి మానలేదు. అందరూ ముందుకు వెళ్ళినప్పుడు వెనక బెంచీలో ఒక్కతే కూర్చునేది.

బాబాయి ఇంటికొచ్చాక కొన్ని నెలలు బాగానే ఉన్నాడు. పొద్దున్నే నన్ను పిలిచేవాడు, దారం ఎక్కించేదాన్ని. చెయ్యి మునుపటంత కాకపోయినా కొంచెం వణికేది. మామిడిపూత రాలే రోజుల్లో ఒక ఉదయం నన్ను పిలవలేదు. వెళ్ళి చూస్తే దారం ఎక్కించుకుని కుట్టుకుంటున్నాడు. సూది వంక చూడటం లేదు. నేను ఎవరికీ చెప్పకుండా బడికి వెళ్ళిపోయాను. ఆ రోజు ఎంత ఏడ్చానో, ఎందుకని టీచరు అడిగితే కడుపునొప్పని చెప్పాను.

ఆ తర్వాత కూడా ఏళ్ళు బతికాడు, మానుతూ, మొదలుపెడుతూ. అప్పుడప్పుడూ బాపట్ల బస్సెక్కి, పిన్ని వాళ్ళ వీధి చివర నిలబడి, కుట్టిన చొక్కాలు ఎవరిచేతైనా పంపేవాడు. కొలతలు లేకుండా కుట్టిన చొక్కాలు ఎప్పుడూ బాబుకి ఒక ఏడాది చిన్నవే. ఆయన పోయినప్పుడు పిన్ని వచ్చింది. నాన్నమ్మ మొహం చూడలేదు. నాన్నమ్మ పోయినప్పుడు అసలు రానే లేదు. పెద్దయ్యాక ఒకసారి నేను ఆ సోమవారం సంగతి ఎత్తితే, "మీరంతా మీ నాన్నమ్మ మనుషులే" అని పిన్ని లేచిపోయింది. ఆవిడ మాటా నిజమే. ఎవరి మనిషినో నాకే తెలియదు.

ఇదంతా డాక్టరమ్మకి నేను చెప్పలేదు. వణుకు, సంస్కారం, ఉగ్గుగిన్నె, అయ్యగారికి నాన్నమ్మ ఇచ్చిన జవాబు, అంతవరకే చెప్పాను. పిన్ని పక్కనే తల వంచుకుని వింది. ఆ జవాబు మొదటిసారి ఆమె చెవిన పడింది. చెప్పాక అడిగాను. "మా నాన్నమ్మ చేసింది తప్పాండి?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది.

"ఇప్పుడు ఎవరడిగినా అలా చెయ్యొద్దనే చెప్తానండి. ఎక్కువగా తాగినవాళ్ళు ఇంట్లో ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, లేనివి కనిపించొచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. వెంటనే ఆసుపత్రికి తేవాలి, దానికి మందులున్నాయి. తెలివి సరిగా లేని మనిషి నోట్లో ఏం పోసినా ప్రమాదమే. కానీ ఆ వణుకు దేనివల్లో ఆ ఊళ్ళో ఆవిడొక్కరికే అనుమానం వచ్చినట్టుందండి. ఆయన తెనాలి దాకా ప్రాణంతో రావడం దానివల్లే కావచ్చు. కాకపోవచ్చు. నేను చెప్పలేను."

"పశ్చాత్తాపం కాదా అమ్మా అది?" అంది పిన్ని. "దేవుడు కదిలించాడని కదా నాకు కబురొచ్చింది."

"పశ్చాత్తాపం కూడా ఉండే ఉంటుందండి. వణుకు మాత్రం దానిది కాదు."

"అసలు ఎందుకు తాగుతారండి?" అని అడిగాను. బాబాయిని అడిగిన వయసులో ఎలా అడిగానో అలాగే.

పుట్టుకతో వచ్చేది కొంత అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కొంత, పని కొంత, దిగులు కొంత. తాగగా తాగగా అది లేకపోతే పనిచెయ్యలేని స్థితికి మెదడే మారిపోవడం ఇంకొంత. ఎవరిలో ఏది ఎంతో చెప్పడం కష్టమంది. మా అరుగు మీద అందరూ చెప్పినవే, సాతానూ దిష్టీ తప్ప. అందరూ కొంచెం కొంచెం కరెక్టే అయినప్పుడు బాబాయి ఒక్కడికీ ఎందుకు ఉపయోగపడలేదో మాత్రం ఆ అమ్మాయికీ తెలియదు.

బయటికొచ్చాక పిన్ని గోడ పట్టుకుని నిలబడింది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా మీ నాన్నమ్మ. గుమ్మంలోనే ఉన్నానుగా నేను."

"ఆమెకీ సరిగ్గా తెలీదు పిన్నీ. తెలిస్తే చెప్పేది."

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. "నా తల దువ్వేదే" అంది. లోపలికి వెళ్ళింది.

నేను అక్కడే కాసేపు ఉండి, తర్వాత గది దాకా వెళ్ళాను. తమ్ముడు దాహమన్నట్టున్నాడు. చిన్న చిన్న మరల్ని పట్టుకుని ఫోన్లు విప్పే వేళ్ళు, గ్లాసు పట్టుకోలేక వణుకుతున్నాయి. నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. పిన్ని గ్లాసు తీసుకుని, వాడి మెడ కింద చెయ్యి పెట్టి తల ఎత్తి, కొంచెం కొంచెంగా తాగిస్తోంది. వాడి పెదాలతోపాటు ఆమె పెదాలు కూడా కదులుతున్నాయి.

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక తల్లి కొడుక్కి ఏదో పోస్తోంది. ఏం పోస్తోందో గుమ్మంలోంచి తెలియదు. ఆ రోజు పిన్ని నిలబడ్డ చోటు ఎలా ఉంటుందో ఇప్పటిదాకా నాకు తెలియలేదు.

లోపలికి వెళ్ళి గ్లాసుకి రెండో వైపు పట్టుకున్నాను.